వేరుకు తోడు పెట్టిన రోజులు

రైతుల ముందు నిలబడి ‘బూజు మంచిది’ అని ఒక్కసారి చెప్పి చూడండి. ఆ తర్వాత ఈ ఉద్యోగం అంటే ఏమిటో నేను మీకు వేరే చెప్పనక్కర్లేదు.

నేను చెప్పాను. ముద్దనూరు దాటి పులివెందులకు పోయే దారిలో ఒక చిన్న ఊరు, బడి వరండాలో చీనీ రైతుల మీటింగు. బత్తాయినే మా వైపు చీనీ అంటారు. ప్రొద్దుటూరులో మట్టి పరీక్షల ల్యాబు, ఆ తర్వాత జమ్మలమడుగు, చివరికి పులివెందుల. వ్యవసాయ శాఖలో నా సర్వీసంతా ఈ మూడు ఊళ్ల మధ్యనే గడిచింది. ఈ మధ్యలో ఏ చేను ఎక్కడ చౌడెక్కిందో బస్సు కిటికీలోంచి చూసి చెప్పగలను. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి, రిటైరైన మనిషికి ఆ మాత్రం హక్కు ఉంది.

ఆ రోజు నేను చెప్పింది ఇదీ. మొక్కల వేర్లలో కాపురం ఉండే ఒక రకం బూజు ఉంది. మొక్క దానికి తీపి పెడుతుంది. అది బదులుగా వేరు చేరలేని చోట్లకు సన్నటి దారాలు చాచి నీళ్లూ భాస్వరమూ తెచ్చిపెడుతుంది. ఉప్పు నేలలో మొక్క పక్కనే నీళ్లున్నా తాగలేదు, తిండి ఉన్నా అందుకోలేదు. అలాంటి చోట ఈ బూజు ఉంటే మొక్క తట్టుకుంటుంది. ఉప్పును తక్కువగా, కావలసిన పొటాష్‌ను ఎక్కువగా లోపలికి తీసుకుంటుంది.

నేను ఇంకా పూర్తి చేయనేలేదు, ముందు వరసలో కూర్చున్న నాగమ్మ లేచింది.

“ఇంట్లో బూజు దులిపి దులిపి చేతులు పడిపోతాండాయి మేడం. ఇప్పుడు చేన్లోకి గూడా తెచ్చి పెట్టుకోమంటాండావా?”

వరండా అంతా ఒకటే నవ్వులు. ఆమె పక్క చేను శంకరప్ప అంతకంటే నవ్వించాడు. “బూజు తెగులుకు మందు కొట్టి కొట్టి ఈపులు ఇరిగిపోతాండాయి. ఈయమ్మేమో బూజును కొనుక్కొచ్చుకోమంటాది. బాగుండాది యవ్వారం!”

నాకు ఒళ్లు మండింది. కానీ వాళ్లు అన్నదాంట్లో తప్పేముంది? మన భాషలో బూజు అన్న మాట మంచికి ఎక్కడ వాడాం? పచ్చడికి పడితే పారబోస్తాం, పంటకు పడితే చంపుతాం. ఆ మాటతో నేను వాళ్ల పొలంలోకి అడుగు పెట్టలేనని ఆ వరండాలోనే అర్థమైంది.

నవ్వని మనిషి ఒకడే. వెనక గోడకు ఆనుకుని నిలబడిన నాగమ్మ మొగుడు, ఓబులేసు. మీటింగు అయ్యాక నా దగ్గరికి వచ్చి, “నా చేను సూసి పో మేడం,” అన్నాడు.

మంద అమ్మి తోట పెట్టినోడు

ఓబులేసు వాళ్లది తరతరాలుగా గొర్లు మేపే ఇల్లు. ఎండాకాలం వస్తే మందను తోలుకుని ఊళ్లు పట్టుకుని పోవడం, రైతుల చేలల్లో మంద కట్టడం, ఆ ఎరువుకు బదులుగా వాళ్లు పెట్టిన సంగటి తినడం. అతని చేతికర్ర అతని కంటే పొడుగు. నడిచి నడిచి మోకాళ్లు అరిగాక, ఇక చాలని మంద మొత్తం బామ్మర్దికి అమ్మేసి ఆ చేను కొన్నాడు. చీనీ మొక్కలు నాటాడు. మొదటి ఎండాకాలంలోనే సగానికి పైగా పోయాయి.

చేను చూడగానే విషయం తెలిసింది. గట్ల వెంబడి తెల్లటి పొర. బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే వెంటనే ఉమ్మేసేంత ఉప్పన. మిగిలిన మొక్కల ఆకులు అంచుల్లో మాడి ముడుచుకుపోయాయి.

“ఇంగోసారి నాటుతా మేడం. ఈసారి గూడా పోతే నా బామ్మర్ది మంద ఎనక కూలికి పోవాల్సిందే,” అన్నాడు. “ఒగప్పుడు నా మంద అది. దాని ఎనకే నేను కూలోని లెక్కన నడవాల.”

ఆ మాట చెప్పేటప్పుడు అతను నా మొహం చూడలేదు. ఈ ఉద్యోగంలో నేను చాలా చేలు చూశాను. ఓబులేసు చేను మాత్రం నా సొంతమైపోయింది. ఎందుకంటే చెప్పలేను. ఆ రెండో విడత మొక్కలు బతకాల్సిందే అని మనసులో గట్టిగా అనుకున్నాను.

వాము కాదు నాయనా

మా శాఖ కాగితాల్లో ఈ బూజుకు ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఒక పేరు ఉండేది. చదివితే ‘వామ్’. బూజు అన్న మాట పనికిరాదని తేలింది కాబట్టి సరే ఇదే వాడదామని కొన్నాళ్లు ‘వామ్ వేయండి, వామ్ వేయండి’ అని ఊరూరా తిరిగాను.

చాపాడు దగ్గర ఒక పెద్దాయన ఎదురొచ్చి సంతోషంగా చేతులు జోడించాడు. “నువ్వు సెప్పినట్టే చేసినా తల్లీ. కిలో వాము తెచ్చి, నానబెట్టి, ఆ నీళ్లు గుంతల్లో పోసినా. వాసన గుమగుమలాడతాండాది!”

ఏం చెప్పను? కడుపునొప్పికి నమిలే వామును మొక్కల వేర్లకు తాగించాడు మహానుభావుడు. మొక్కలకు అజీర్తి మాత్రం రాదని నేనన్నాను. ఆయన దాన్ని నిజమనుకుని మరీ సంబరపడ్డాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే వారం రోజులు నవ్వాడు. ఆ తర్వాత నేను ‘వామ్’ అనడం కూడా మానేశాను.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలూ, మీకు కాలేజీలో మట్టి గురించి అన్నీ చెబుతారు, మాట గురించి చెప్పరు. సరైన మాట దొరికేదాకా మీరు పంచే బూజు పొడి పొట్లం ఉత్త మన్నే.

నాగమ్మ వంటింట్లో

ఆ మాట నాకు నాగమ్మ వంటింటి గడపలో దొరికింది. గుంతలు తవ్వించే పని చూడటానికి వెళ్లి, సాయంత్రం బస్సుకు ఇంకా పొద్దుందని వాళ్లింట్లో కూర్చున్నాను. టీ ఇచ్చి, “ఉండు మేడం, పాలకు తోడేసి వస్తా,” అని లోపలికి పోయింది.

తోడు!

కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే లేచాను. చెంచాడు పెరుగు, కుండెడు పాలు. కంటికి కనపడనిదేదో పాలల్లో పెరిగి పాలను మార్చేస్తుంది. దాన్ని ఏ ఆడమనిషీ అసహ్యించుకోదు, పైగా తోడు లేకపోతే పక్కింటికి పరుగెత్తుతుంది. ఆ మాటకు జతగా ఉండటమని కూడా అర్థం. నేను చెప్పాలనుకున్నవన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

“నాగమ్మా, నేను చెప్పే బూజు ఇదే. వేరుకు వేసే తోడు!” అన్నాను గట్టిగా.

ఆమె చెంచా పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. “ఆ మాట మొదులే సెప్తే నేనెందుకు నగుతానమ్మా?” అంది. “అయితే తోడేసినాక కదిలించగూడదు గదా? చెట్ల మొదట్లో గుంటక తోలగూడదన్నమాట.”

మొదళ్ల చుట్టూ లోతుగా దున్నవద్దని, ఆ సన్నటి దారాలు తెగిపోతాయని నేను ఎన్ని మీటింగుల్లో ఎన్ని బొమ్మలు గీసి చెప్పానో! ఒక్కడూ వినలేదు. మాట మార్చగానే ఆ పాఠం దానంతటదే వచ్చేసింది.

ఆ వారం నుంచి మా పొట్లాల మీద ‘వేరు తోడు’ అని చేత్తో రాసి పంచాను. పేరు నేనే పెట్టాను. ఇప్పుడు ప్రొద్దుటూరు మందుల అంగళ్లలో రైతులు ఆ పేరుతో అడుగుతుంటే, పక్కన నిలబడి ఏమీ తెలియనట్టు వింటాను. ఎంత సంతోషంగా ఉంటుందో నాకే తెలుసు.

మాట దొరికింది కదా అని కష్టాలు తీరాయనుకోకండి. ఖాజీపేట వైపు ఒకాయన తోడు అన్నారు కదా అని పొట్లం తీసుకెళ్లి గోరువెచ్చటి పాలల్లో కలిపి గుంతల్లో పోశాడు. చీమలు బారులు తీరాయి. “పాలు యేడి ఎక్కువైనాయేమో మేడం,” అని నన్నే అనుమానంగా అడిగాడు. అప్పటి నుంచి తోడు వేరుకు వేయాలి, పాలకు కాదు అని కూడా చెప్పాల్సి వచ్చింది. వేయడం తేలికే. నాటేటప్పుడు గుంతలో చేరెడు పొడి చల్లి, వేరు దాన్ని తాకేటట్టు మొక్క పెట్టడమే.

నీలం రంగు

ఓబులేసు ఆ రెండో విడత నాటేముందు నేను చెప్పినవన్నీ చేశాడు. మట్టి పరీక్ష చూసి చౌడు విరగడానికి జిప్సం వేశాడు. వానాకాలం పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, పూతకు రాగానే నేలలో కలిసేటట్టు దున్నేశాడు. గుంత గుంతకూ తోడు వేశాడు. ఇది రాసిపెట్టుకోండి: బూజు ఒక్కటే చౌడును పోగొట్టదు. అలా చెప్పి పొట్లాలు అమ్మేవాడు దొంగ. అది చౌడు మధ్యలో మొక్కను బతికిస్తుంది, అంతే. మిగిలిన చాకిరీ రైతే చేయాలి.

కొన్ని నెలలకు తోడు పట్టిందో లేదో చూడాల్సి వచ్చింది. ల్యాబులో దానికి రంగు ఉండేది, అయిపోయింది. కావాలని రాస్తే ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. నేను మైక్రోస్కోపును పాత దుప్పట్లో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఫౌంటెన్ పెన్నులో పోసే ఇంకు, పచ్చళ్లలో వేసే వెనిగర్, రంగుకు ఇవి చాలు. సన్నటి పీచు వేర్లను మెత్తబడేదాకా ఒక మందు నీళ్లలో కాచి, కడిగి, ఇంకు కలిపిన వెనిగర్‌లో వేస్తే వేరు తెల్లగానే ఉంటుంది, లోపలి బూజు మాత్రం నీలంగా కనిపిస్తుంది.

బడి బల్ల మీద మైక్రోస్కోపు పెట్టాను. వేరు గదుల లోపల నీలం రంగులో చిన్న చిన్న చెట్లు, కొమ్మలూ రెమ్మలతో సహా. మొదట ఓబులేసు చూశాడు. చాలాసేపు కన్ను తీయలేదు. శంకరప్ప వెనక నుంచి, “యాముండాదిరా ఆడ, సినిమానా?” అని తోశాడు.

“వేరు లోపల తోట ఉండాది మామా,” అన్నాడు ఓబులేసు.

ఎన్ని పాఠాలు చెప్పినా నాకు అంత బాగా చెప్పడం రాలేదు.

పెద్దసారుతో తగువు

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం ఆ చుట్టుపక్కల తోటల్లో ఆకులు మాడాయి. ఉప్పు నీళ్లకు మాడిన ఆకును చూసి చాలామంది నీళ్లు చాలలేదనుకుని పొద్దస్తమానం తడిపారు. ఆ తడికి వేర్లు కుళ్లాయి. శంకరప్ప తోటలో కొన్ని చెట్లు బెరడు పగిలి బంక కార్చాయి. పత్రికలో కూడా వచ్చింది. దాంతో మా పెద్దసారు జీపేసుకుని వచ్చేశాడు.

ఆయన కోస్తా మనిషి. చెడ్డవాడు కాదు, వరి గురించి ఆయనకు తెలియనిది లేదు. కానీ ఆయనకు రెండు భయాలు, ఒకటి పత్రికలు, రెండోది మా మనుషుల మాటతీరు. ఎంత పెద్ద ఆఫీసరునైనా నువ్వు అని పిలిచేసరికి అదిరిపడేవాడు.

ఊరి తోటలన్నిటికీ కుళ్లు మందు వేర్లకు పోయించాలని ఆర్డరు వేశాడు. ఓబులేసు తోట దగ్గరికి వచ్చి ఆకులు చూసి, “ఇక్కడా మొదలైంది. ఈ రోజే పోయించండి,” అన్నాడు. మందు డబ్బా ఓబులేసు చేతికిచ్చారు కూడా.

“వద్దు సార్, ఇది కుళ్లు కాదు,” అన్నాను.

“ఆకులు కనపడటం లేదా మేడం?”

“అంచులే మాడాయి సార్. అది ఉప్పు. కుళ్లయితే ఆకంతా వడలి పసుపెక్కుతుంది, మొదట్లో బంక కనిపిస్తుంది, పీచు వేరు పట్టుకుంటే తొక్క ఊడొస్తుంది.”

అక్కడే కూర్చుని చేత్తో మట్టి తీశాను. పీచు వేర్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ఎంత లాగినా తొక్క ఊడలేదు. ఆ మందు బూజు జాతికే శత్రువు. మంచీ చెడూ చూడదు. వేర్లలో పట్టిన తోడు కూడా పోతే ఆ ఉప్పులో మొక్క ఒంటరిదైపోతుందని చెప్పాను.

పెద్దసారు మొహం ఎర్రబడింది. “రేపు తోట పోతే ఎవరు జవాబు చెబుతారు?”

“నేనే సార్. నా పేరు చెప్పండి. పత్రికవాళ్లకు కూడా నా పేరే చెప్పండి.”

చుట్టూ జనం. అందరి చూపూ ఓబులేసు చేతిలోని డబ్బా మీదే. సర్కారు మాట వింటే రేపు ఏమైనా నెపం సర్కారు మీద పడుతుంది. నా మాట విని అది తప్పయితే పోయేది అతని బతుకు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా ఉద్యోగం గురించి భయం లేదు. మంద ఎనక కూలికి పోవాల అని అతను అన్న మాట ఒక్కటే చెవుల్లో మోగింది.

అతను నాగమ్మ వైపు చూశాడు. నాగమ్మ నడుముకు కొంగు దోపి ముందుకొచ్చింది.

“సారూ, నువ్వు సదువుకున్నోనివి, నువ్వే సెప్పు. తోడేసిన కుండను మల్లా పొయ్యి మింద పెడతారా యాడన్నా?”

పెద్దసారుకు అర్థం కాలేదు. ‘నువ్వు’ అన్న దగ్గరే ఆయన ఆగిపోయినట్టున్నాడు. ఓబులేసు మాత్రం డబ్బాను జాగ్రత్తగా జీపు బానెట్ మీద పెట్టి, “మేడం సెప్పినట్టే కానీ సారూ,” అన్నాడు.

పూటపూటకూ కొంచెం కొంచెం తడపడం మాన్పించాను. అతని చేనులో కింద గరుసు నేల, నీళ్లు నిలవవు. అందుకని ఎడం ఇచ్చి, తడిపినప్పుడు మాత్రం బాగా తడిపి, ఉప్పు వేర్ల కిందికి దిగిపోయేటట్టు చేయించాను. పాదుల్లో శెనగ పొట్టు మందంగా పరిపించాను. ఆ ఎండాకాలం నేను పెట్టుకున్న సెలవు కూడా రద్దు చేసుకున్నాను. ఆదివారం చర్చిలో కూర్చుని అందరూ అందరికోసం ప్రార్థన చేస్తుంటే నేను చీనీ మొక్కల కోసం చేశాను. పాస్టరుగారికి చెబితే నవ్వి, దానికేం తప్పులేదన్నారు.

మొదటి వాన పడ్డాక వెళ్లాను. గట్టు ఎక్కేముందే కనిపించింది, కొమ్మ కొమ్మకూ లేత చిగురు. మాడిన పాత ఆకులు రాలిపోయి, వాటి చోట నూనె రాసినట్టు మెరిసే కొత్త ఆకులు. పోయిన మొక్కలు లేకపోలేదు, వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఏడ్చానా అంటే ఏడ్చాను. సంతోషానికి ఏడిస్తే సిగ్గెందుకు?

పెద్దసారు ఆ తర్వాత ఒకసారి వచ్చి తోటంతా తిరిగి చూశాడు. “మీరు రైటు మేడం,” అన్నాడు, నలుగురి ముందే. అలా అనగలిగిన అధికారులను నేను ఎక్కువమందిని చూడలేదు. అందుకే ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు, పెరిగింది.

కొత్తవాళ్లకు నాలుగు ముక్కలు

పొట్లాన్ని ఎండ తగిలే అంగట్లో పెడితే లోపలున్నది చచ్చిపోతుంది. రైతు కొనేది దాన్ని కలిపిన ఉత్త బొగ్గు పొడి అవుతుంది. అంగడివాడితో పోట్లాడండి, మొహమాటపడకండి. భాస్వరం ఎరువు బస్తాలకు బస్తాలు గుమ్మరించిన చేనులో తోడు పట్టదు, అన్నీ కాళ్ల దగ్గరికే వస్తుంటే మొక్క దాన్ని ఎందుకు పోషిస్తుంది? క్యాబేజీకి, ఆవాలకు ఇది అస్సలు అతకదు. అన్ని పంటలకూ పనిచేస్తుందని చెప్పి మీ పరువు తీసుకోకండి. అన్నిటికంటే ముఖ్యం, ఆకు చూసి మందు చెప్పకండి. కూర్చుని మట్టి తీయండి. చీర నలుగుతుందనో ప్యాంటు మాసిపోతుందనో అనుకునేవాళ్లు వేరే ఉద్యోగం చూసుకోండి, ఈ జిల్లాకు రావద్దు.

మంద దిగిన సాయంత్రం

నేను రిటైరైన ఏడాదే ఓబులేసు తోట మొదటి కాపుకు వచ్చింది. మరుసటి ఎండాకాలం అతను ఫోన్ చేసి, “ఒగసారి వచ్చి పో మేడం, పని ఉండాది,” అన్నాడు. ఏదో తెగులేమోనని పాత భయంతో పరుగెత్తాను.

తెగులు కాదు. తోట పక్కనే కొత్తగా కొన్న పొలం చెక్క ఒకటి ఉంది, ఇంకా ఏమీ నాటలేదు. పొద్దు వాలుతుండగా దుమ్ము రేపుకుంటూ ఒక గొర్ల మంద అందులోకి దిగింది. ముందు నడుస్తున్నది అతని బామ్మర్ది. వానాకాలం మొక్కలు నాటే ముందు ఆ చెక్కకు ఎరువు కోసం మంద కట్టించుకుంటున్నాడు ఓబులేసు. గట్టు మీద నాగమ్మ పెద్ద గిన్నెలో సంగటి కెలుకుతోంది, కాపర్లకు పెట్టాలి కదా.

“రా బామ్మర్దీ, రా. కాళ్లు కడుక్కో, సంగటి తిందువు,” అని ఓబులేసు వాళ్లకు ఎదురెళ్లాడు. బామ్మర్ది కాసేపు చెట్లనీ ఓబులేసునీ మార్చి మార్చి చూసి, కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఓబులేసు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“పుట్టినప్పటి నుంచి ఊరోల్ల చేన్లల్లో పండుకున్నోన్ని మేడం నేను. వాల్లు పెట్టింది తిని, వాల్లు లేపితే లేచి పోయినోన్ని. ఈ పొద్దు మంద వచ్చి నా చేన్లో పండుకుంటాండాది.”

నాగమ్మ నన్ను కూడా కాపర్ల వరసలోనే కూర్చోబెట్టి, నాకూ ఒక ముద్ద పెట్టింది.